తెర అప్పజెప్పిన పాఠం

ఆసుపత్రిలో ఆమెను అందరూ అప్పజెప్పు మేడమ్ అనేవారు. ఆ పేరు పెట్టింది నర్సులు. ఎదురుగా అనేవారు కాదు గానీ, ఆమెకు తెలియదనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. ఎవరికి ఏ పని చెప్పినా, చెప్పిన మాట తిరిగి వాళ్ల నోటితో వినిగానీ వదిలేది కాదు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి ఏ గదిలో ఏ స్విచ్చి పాడైందో చెప్పి, "ఇప్పుడు నేను చెప్పింది మీరు అప్పజెప్పండి" అనేది. అంత వయసున్న మనిషి, బళ్లో ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా గొంతు సవరించుకుని చెప్పాల్సి వచ్చేది. క్యాంటీన్ అతను మరీ గడుసు. ఆమె గుమ్మంలో కనిపించగానే, "రెండు టీలు, ఒకటి చక్కెర లేకుండా, పైన మూడో గదికి" అని అడగకముందే అప్పజెప్పేసేవాడు.

ఇంట్లో భర్తకూ తప్పలేదు. ఆయన వీధి చివర చిన్న కొట్టులో చేతి గడియారాలు బాగుచేసే మనిషి, ఓపికకు పెట్టింది పేరు. సబ్బు తెమ్మంటే ఏ సబ్బు, ఎన్ని, ఏ కొట్లో అన్నది గుమ్మం దగ్గర అప్పజెప్పాకే చెప్పులు తొడుక్కునేవాడు. పెళ్లికి సరేనన్న మాట కూడా తన చేత రెండుసార్లు అనిపించుకుందని చుట్టాల దగ్గర చెప్పి నవ్వించేవాడు. అది అబద్ధం కాదు.

ఈ అలవాటు ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. చిన్నప్పుడు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని, ఆయన మూలప్రతి పట్టుకుంటే ఈమె అచ్చు కాగితం పైకి చదివేది. ఒకసారి బడిపుస్తకం ప్రూఫు వచ్చింది. అందులో పాఠం ఆమెకు కంఠతా వచ్చు. గడగడా చదివేసింది. తండ్రి ఎర్ర పెన్సిల్ కింద పెట్టి, మూడో లైను మళ్లీ చదవమన్నాడు. మళ్లీ గడగడా చదివింది. ఆ లైనులో ఒక మాట మొత్తం ఎగిరిపోయిందని, లేని మాటను ఆమె రెండుసార్లు చదివిందని ఆయన చూపించాడు. తిట్టలేదు. "చూసి చెప్తున్నావా, వచ్చు కదా అని చెప్తున్నావా?" అని మాత్రం అడిగాడు. తెలిసిన పాఠాన్ని చదవడం కంటే కష్టం లేదని, అందుకే ప్రూఫును కింది లైను నుంచి పైకి చదవాలని, అప్పుడు అర్థం అడ్డం రాదని ఆ రోజు నేర్పాడు. పెన్సిల్ ముక్క కొప్పులో దోపుకునే అలవాటు కూడా ఆమెకు అప్పటిదే.

ఆసుపత్రి కంప్యూటర్ విభాగమంటే జనరేటర్ షెడ్డు వైపు కిటికీ ఉన్న గది, మూడు కుర్చీలు, ఎప్పుడూ సరిగా పడని తలుపు గొళ్లెం. అక్కడ ఆమె ఇరవై రెండేళ్లు ప్రోగ్రాములు రాసింది. అందులో ముఖ్యమైనది మందుల కౌంటరుది. నల్లటి గాజు తెర, మీద ఆకుపచ్చ అక్షరాలు, ఇరవై నాలుగు వరుసలు, వరుసకు ఎనభై గళ్లు. బొమ్మలుండవు, మౌస్ ఉండదు. వార్డు నంబరు కొడితే ఆ వార్డులో ఏ మంచం మీద ఎవరు, వాళ్లకు ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములన్నది ఒక పేజీగా వచ్చేది. తర్వాతి వార్డుకు ఒక్క మీట. పై ఆఫీసుల్లోకి రంగురంగుల కంప్యూటర్లు వచ్చినా, కౌంటరువాళ్లు మాత్రం ఈ తెరను వదిలేది లేదన్నారు. వాళ్ల వేళ్లకు అది అంత అలవాటు.

ఆ ప్రోగ్రాములో ఆమె ఒక పని చేసింది. తెర మీద రాయడం అందరికీ తెలిసిన విద్యే. రాసినదాన్ని తెర నుంచి తిరిగి చదవడం కూడా కుదురుతుంది. ఫలానా వరుసలో, ఫలానా గడిలో ఏ అక్షరం ఉందని అడిగితే జవాబు వస్తుంది. కావాలంటే వరుస మొత్తం ఇస్తుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు, రాసినవాడికి తను ఏం రాశాడో తెలియదా అంటారు. ప్రూఫులు దిద్దేవాడి కూతురు ఆ మాట అంటుందా? ఆమె ప్రోగ్రాము ప్రతి పేజీ రాశాక, వరుసవరుసనా తిరిగి చదివి, కంప్యూటర్లో ఉన్న మందుల రిజిస్టరుతో పోల్చి, అంతా కలిస్తేనే పై మూలన "సరి" అని వేసేది. ఆ భాగానికి ఆమె పెట్టిన పేరు అప్పజెప్పు. పక్క కుర్చీలవాళ్లు ముందు నవ్వారు. తర్వాత వేరే ఆసుపత్రుల నుంచి మనుషులొచ్చి ఆ మూల చూసి మెచ్చుకుని వెళ్లారు. ఆమె పైకి ఏమీ అనలేదు గానీ, లోపల కాస్త గర్వం ఉండేది. ఉండటం న్యాయమే.

ఆమె రిటైర్మెంటుకు ఇంకా మూడు వారాలుందనగా ఆ సంగతి జరిగింది.

రెండో వార్డులో ఒక ముసలావిడకు రక్తపోటు మాత్ర అయిదు మిల్లీగ్రాములు ఇవ్వాల్సింది, కౌంటరు నుంచి యాభై వెళ్లింది. నర్సుకు అనుమానమొచ్చి అడిగితే, తెర మీద అంతే ఉందని కౌంటరు గుమస్తా చెప్పాడు. ముసలావిడ కళ్లు తిరిగి పడిపోయింది. రెండు రోజులు గుండెలు అరచేతిలో పెట్టుకున్నారందరూ. మూడో రోజు ఆవిడ లేచి కూర్చుని, తన కళ్లజోడు ఎవరు తీశారని దెబ్బలాడింది. గండం గడిచింది గానీ, గుమస్తా మాత్రం సస్పెండయ్యాడు.

ఆ గుమస్తాను అందరూ కార్బన్ అనేవారు. ఉన్నదున్నట్టు దించేస్తాడని ఆ పేరు. మందులు కట్టే ముందు తెర మీది పేజీని గళ్ల నోటుపుస్తకంలో చేత్తో ఎక్కించుకునేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. తెర మీద చుక్క ఉంటే చుక్క, గీత ఉంటే గీత. ఒకసారి తెర మీద వాలిన ఈగను కూడా చుక్క అనుకుని వేశాడని కౌంటరువాళ్లు ఏడిపించేవారు. పదిహేడేళ్ల సర్వీసులో ఒక్క మాట పడని మనిషి, ఇప్పుడు విచారణ సంఘం ముందు నిలబడి ఒకే మాట చెప్పాడు. తాను చూసింది యాభై అని.

సంఘంలో పెద్ద డాక్టరుగారు, మరో ఇద్దరు. రిజిస్టరు తీస్తే అందులో అయిదు ఉంది. ఆ పేజీకి "సరి" పడిందని కూడా రికార్డులో ఉంది. ఆమెను పిలిచి, తెర మీద వేరేగా కనిపించే వీలుందా అని అడిగారు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"లేదు సార్. రాసిన ప్రతి వరుసనీ నా ప్రోగ్రాము తిరిగి చదువుతుంది."

కార్బన్ ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. ఆమె చెప్పిందంటే తన కళ్లే తప్పేమో అన్నట్టు చూశాడు. ఆ చూపు ఆమెకు రోజంతా గుచ్చుకుంది. ఇంకో వారంలో సంఘం నివేదిక రాస్తుంది, అతని ఉద్యోగం పోతుంది, దానికి ముఖ్యమైన సాక్ష్యం ఆమె మాటే. నిజం నిజమే కదా అని సర్దిచెప్పుకుంది. అయినా మనసు ఒప్పుకోలేదు. మర్నాడు ఉదయం వెళ్లి అతని నోటుపుస్తకం తెప్పించుకుంది.

సంఘంవాళ్లూ ఆ పుస్తకం చూశారు, పై నుంచి కిందికి. ముసలావిడ వరుస దాకా వచ్చి, అక్కడ యాభై అని కనబడగానే మూసేశారు. ఈమె తండ్రి నేర్పినట్టు కింది వరుస నుంచి మొదలుపెట్టింది. అందుకే మొట్టమొదటే చివరి వరుస దగ్గర ఆగిపోయింది. చివరి మంచం రోగి పేరు, మందు, మోతాదు, ఆ పక్కన కార్బన్ గుండ్రటి అక్షరాల్లో "4 గంటలకు" అని ఉంది.

ఎవరైనా చూస్తే మందు వేయాల్సిన వేళ అనుకుంటారు. కానీ ఆ తెరను గీసింది ఈమె. ఇరవై నాలుగు వరుసలూ, ఎనభై గళ్లూ ఆమెకు సొంతింటి అలమరలా తెలుసు. వేళ రాసే గడి ఆ పేజీలో ఎక్కడా లేదు. లేనిది అతను రాయడు. అంటే ఆ మాట తెర మీద ఉంది, ఆమె ప్రోగ్రాము మాత్రం దాన్ని రాయలేదు.

కుర్చీలో కూర్చుని పేజీ మొత్తం రిజిస్టరుతో పోల్చింది. ముసలావిడది కాక ఇంకో రెండు వరుసల్లో అంకెలు తేడాగా ఉన్నాయి. అవి బలం మాత్రలు కావడంతో ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ గమనించలేదు. అప్పుడు అంతకు ముందు పేజీ, మొదటి వార్డుది, పక్కన పెట్టి చూసింది. తేడాగా ఉన్న ప్రతి అంకె ఆ ముందు పేజీలో సరిగ్గా ఒక వరుస కిందనున్న అంకె. మూడూ అంతే.

సర్వర్ గదికి ఫోన్ చేసింది. ఆ రోజు ఏమైనా సందేశం పంపారా అని అడిగింది. కొత్తగా చేరిన ఆపరేటరు, పంపానని, సర్వర్ ఆపేది సాయంత్రం 4 గంటలకు అని పన్నెండింటికే అన్ని తెరలకూ పంపానని చెప్పాడు. పాత ఆపరేటరు అలాంటివి కౌంటరు మూసాక పంపేవాడు. ఆమె అలవాటు కొద్దీ అతని చేత ఆ సందేశం అప్పజెప్పించుకుని ఫోన్ పెట్టేసింది.

ఇక అర్థం కావడానికి ఏమీ మిగల్లేదు. సందేశం వచ్చి తెర అడుగున పడేసరికి, తెర మీదున్నదంతా ఒక వరుస పైకి జరిగింది. కార్బన్ అప్పుడు అలమర వైపు తిరిగి ఉన్నాడు. వెనక్కి తిరిగి, తర్వాతి వార్డు మీట నొక్కాడు. ప్రోగ్రాముకు తెర జరిగిన సంగతి తెలియదు. అది పేజీ అంతా కొత్తగా రాయదు, పాత పేజీకీ కొత్త పేజీకీ తేడా ఉన్న గళ్లు మాత్రమే మార్చి, మిగతావి ఎలాగూ ఉన్నాయిలే అని వదిలేస్తుంది. పేర్లు, మంచం నంబర్లు వార్డుకు వేరు కాబట్టి అవి కొత్తగా పడ్డాయి. ముసలావిడ వరుసలో మోతాదు పాత పేజీలోనూ అయిదే, కొత్త పేజీలోనూ అయిదే. కాబట్టి ఆ గడిని ముట్టుకోలేదు. ఆ గడిలో మాత్రం అప్పటికే కింద నుంచి జరిగొచ్చిన యాభై కూర్చుని ఉంది. చివరి వరుసలో రోగి వివరాల కింద సందేశం మొదలు చెరిగిపోయి, తోక మాత్రం మిగిలింది.

మరి అప్పజెప్పు ఏం చేసింది? అసలు బాధ అక్కడే. తెర నుంచి చదువుతున్నానని ఆమె ఇరవై రెండేళ్లు అనుకున్నది గాజు తెర కాదు. తెర మీద ఏముందో ప్రోగ్రాము తన లోపల ఒక నకలు ఉంచుకుంటుంది. అడిగితే ఆ నకలు చూసి చెబుతుంది. తను రాసిందే తను చదువుకుని, తనకు తనే సరి వేసుకుంటుంది. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు, ఆ విద్య నేర్పే పుస్తకంలో మొదట్లోనే రాసి ఉంటుంది. నకలుకూ గాజుకూ తేడా ఎందుకొస్తుందిలే అనుకుని, ఆ అనుకున్న సంగతే మరిచిపోయింది. పలక బోర్లా పెట్టుకుని పాఠం అప్పజెప్పే పిల్లను ఆమె స్వయంగా తయారుచేసి, కాపలా పెట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్లి భర్తకు అంతా చెప్పింది. ఆయన కంటికున్న భూతద్దం తీసి, చాలాసేపు విన్నాడు. మంచి మనిషే, కానీ భార్య పేరు పోతుందంటే ఎవరికైనా దడే. సందేశాలు పగలు పంపొద్దని ఆపరేటరుకు చెప్పి ఊరుకోమన్నాడు. ఆ గుమస్తా సంగతి పెద్ద డాక్టరుతో మెల్లగా మాట్లాడి, ఏదో చిన్న శిక్షతో పోనిచ్చేలా చూడమన్నాడు.

"రెండు వారాల్లో దండ వేసి పంపిస్తారు నిన్ను. ఇప్పుడు కొరివితో తల గోక్కోవడం ఎందుకు? ఓ రెండు వారాలు కళ్లు మూసుకో."

"కళ్లు మూసుకుని చెప్పడం వల్లే కదండీ ఇదంతా వచ్చింది," అందామె.

ఆయన, రేపు ఎన్నింటికి వెళ్లాలి, డబ్బాలో అన్నం ఎంత పెట్టాలి అని అడిగి, తనే అప్పజెప్పాడు.

మర్నాడు పదకొండింటికి ఆమె సంఘంవాళ్లు ముగ్గురినీ మందుల కౌంటరుకు రమ్మంది. కార్బన్‌ను కూడా ఇంటి నుంచి పిలిపించింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కౌంటరు ముందే పరాయివాడిలా నిలబడ్డాడు. ఆమె ఆ రోజు నాటి రిజిస్టరును విడిగా ఒక నకలుగా పెట్టి, మొదటి వార్డు పేజీ తెరిచింది. సర్వర్ గదికి ఫోన్ చేసి అదే సందేశం పంపమంది. తెర ఒక్కసారి చిన్నగా ఎగిరింది. రెండో వార్డు మీట నొక్కింది. పై మూలన "సరి" పడింది.

పెద్ద డాక్టరుగారిని ముసలావిడ వరుస పైకి చదవమంది. ఆయన మంచం నంబరు, పేరు, మందు చదివి, మోతాదు దగ్గర ఆగాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. యాభై అన్నాడు. చివరి వరుస కూడా చదవమంటే, పేరు చదివి, 4 గంటలకు అన్నాడు. ఆమె అప్పజెప్పు చదివిన వరుసలను ప్రింటు తీసి ఆయన చేతికిచ్చింది. అందులో అయిదు ఉంది, 4 గంటలకు లేదు.

"అతను ఉన్నది చూసి రాశాడు సార్. చూడకుండా చెప్పింది నా ప్రోగ్రాము. దాన్ని నమ్మి మొన్న మీ ముందు చూడకుండా చెప్పింది నేను. కంచే చేను మేసింది. నివేదికలో అలాగే రాయండి."

ఆపరేటరు పేరు ఆమె ఎత్తలేదు. సందేశం పంపడం అతని పని, దాన్ని తట్టుకోవడం ప్రోగ్రాము పని అన్నది ఆమె లెక్క. ఇంకొకరైతే తిలా పాపం తలా పిడికెడు అని పంచిపెట్టేవారు, పంచినా తప్పుపట్టేవాళ్లుండరు. ఈ కథ చెబుతున్నవాడిని ఎవరైనా నీకెందుకయ్యా ఆవిడంటే అంత గౌరవమని అడిగితే, ఆ పదకొండు గంటల వేళ చూపిస్తాడు. తప్పు చేయని మనుషులు ఉన్నారంటే అతను నమ్మడు. తన తప్పును నలుగురిని పిలిచి, వెలుతురులో పెట్టి, పైకి చదివించే మనిషిని మాత్రం ఒక్కరినే చూశాడు.

కార్బన్ ఆ సోమవారమే డ్యూటీలో చేరాడు. ఆమెకు దండం పెట్టబోతే, ముందు కూర్చుని చెప్పేది వినమంది. మిగిలిన రోజుల్లో ఆమె ప్రోగ్రాము మార్చింది. ఇప్పుడు మీట నొక్కితే తెర మొత్తం తుడిచి మళ్లీ రాస్తుంది. కౌంటరు తెరకు సందేశాలు రావు. అన్నిటికంటే ముఖ్యంగా పై మూలన "సరి" అన్న మాటను ఆమె తీసేసింది. దాని బదులు, మందు కట్టే ముందు గుమస్తా తన కంటికి కనిపిస్తున్న మోతాదును తనే మళ్లీ కొట్టాలి. అది రిజిస్టరుతో కలిస్తేనే చీటీ బయటికొస్తుంది. పాఠం అప్పజెప్పాల్సింది చూస్తున్న మనిషి, వినాల్సింది యంత్రం. ఇన్నాళ్లూ అది తిరగబడి ఉంది. కొత్త పద్ధతిలో ఒక్కో చీటీకి నాలుగు సెకన్లు ఎక్కువ పడుతుందని కౌంటరువాళ్లు మొదట సణిగారు. కార్బన్ మాత్రం సణగలేదు.

చివరి రోజు మధ్యాహ్నం పెద్ద హాల్లో సభ పెట్టారు. అంతకు ముందే ఆమె తాళాలు, పుస్తకాలు, ప్రోగ్రాముల జాబితా అన్నీ తర్వాతి ఇంజనీరుకు అప్పజెప్పింది. అతను చదవకుండా సంతకం పెట్టబోతే, పెన్ను లాక్కుని ముందు జాబితా పైకి చదివించింది. నర్సులు ఆ మాట చెప్పుకుని సభ మొదలయ్యేదాకా నవ్వుతూనే ఉన్నారు. భర్త కొట్టు మూసి వచ్చి, వెనక వరుసలో కూర్చున్నాడు.

ప్రశంసాపత్రం చదివే పని పెద్ద డాక్టరుగారు కార్బన్‌కు ఇచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే. కార్బన్ రెండు చేతులతో పత్రం పట్టుకుని, అక్షరం అక్షరం చదివాడు.

"ఇరవై రెండు సంవత్సరాల పాటు, ఒక్క తప్పూ లేకుండా, ఈ ఆసుపత్రికి..."

"ఆగు," అందామె. "చూసి చదువుతున్నావా, వచ్చు కదా అని చదువుతున్నావా?"

హాల్లో అందరూ నవ్వారు. కార్బన్ నవ్వలేదు. పత్రం వైపు ఇంకోసారి చూశాడు.

"చూసే చదువుతున్నా మేడమ్. ఇందులో అలాగే ఉంది."

"అయితే తప్పు అందులోనే ఉంది. ఇలా తే."

కొప్పులోంచి ఎర్ర పెన్సిల్ ముక్క తీసింది. బల్ల మీద పత్రం పరిచి, "తప్పూ"లో దీర్ఘం కొట్టేసింది, "లేకుండా" అన్న మాట కొట్టేసింది, ఆ పైన "తో" అని రాసి, ఎక్కడ చేర్చాలో తండ్రి పెట్టినట్టే చిన్న గుర్తు పెట్టింది. పత్రం అతని చేతికిచ్చి, మళ్లీ చదవమంది.

కార్బన్ గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క తప్పును ఆమె తనదని ఒప్పుకోకపోతే, తను ఈ హాల్లో నిలబడేవాడే కాదని అక్కడున్న అందరికంటే అతనికే బాగా తెలుసు. దిద్దిన చోట వేలు పెట్టి చదివాడు.

"ఇరవై రెండు సంవత్సరాల పాటు, ఒక్క తప్పుతో, ఈ ఆసుపత్రికి సేవ చేసినందుకు."

ఆమె తలూపి, పెన్సిల్ మళ్లీ కొప్పులో దోపుకుంది.

"సరి," అంది.